తల ఎత్తనక్కరలేని చోటు

ఆ పొద్దు తూర్పున మబ్బు పలచగా పరుచుకొని ఉంది, దువ్వడం మొదలుపెట్టి సగంలో వదిలేసిన ఉన్ని మాదిరి. పడమటి దిక్కు ఖాళీ. కొంగల బారు ఒకటి గుట్ట మీదుగా కిందికి, కృష్ణ వైపు పోతూ ఉంది. దొడ్డి తడిక తీస్తూ నేను అదంతా నిలబడి చూశాను. చూసి చెప్పవలసిన పని నాది.

"మొగులెట్లున్నదిరా, గోపయ్యా?" అని అన్న అడగనే అడిగాడు.

మా అన్న ఐలేశం అరుగు మీద కూర్చుని తన కాలి వేళ్లను చూస్తున్నాడు. వాటిలో చూడదగ్గది ఏమీ లేదు. ఆయనకు కనపడేవి అవే. మెడా వెన్నూ అతుక్కుపోయి ఒకే కట్టె అయ్యాయి, ఆ కట్టె నడుము దగ్గర ముందుకు వంగింది. నిలబడితే నేల, నడిస్తే నేల. వెల్లకిలా పడుకోవడం పోయి చాలా కాలమైంది. ఆకాశం చూడాలని మరీ అనిపిస్తే మంచం మీద పక్కకు ఒరిగి, ఒక కంటికి దొరికినంత చూస్తాడు. ముసలివాడు కాదు. తలలో తెల్ల వెంట్రుకలు వెతకాలి.

"వాన మొగులు కాదే. తూర్పుకు జర పలచగ పట్టింది. కొంగలు పోతున్నయి."

"ఎటు దిక్కు?"

"కిందికి."

"ఇగో, నాకన్న ముందే బయలెల్లినయి," అని నవ్వాడు.

అన్న సముద్రానికి పోతున్నాడు. ఆ సంగతి మా గూడెంలో అందరికీ తెలుసు, చౌటుప్పల్ అంగడిలో కూడా కొందరికి తెలుసు. పోయేది బతుకుదెరువుకు కాదు. మొక్కు తీర్చడానికి కాదు. ఎవరి పెళ్లికో చావుకో కాదు. ఊరికే పోయి కూర్చోవడానికి. మా కురుమల్లో అట్లా పోయినవాళ్లను నేను చూడలేదు.

కిందికి పోవడం మాకు కొత్త కాదు. ఇక్కడ గడ్డి ఎండగానే మందలు తోలుకొని, బెజవాడ దాటి, కృష్ణ కాలువల దాకా పోయేవాళ్లం. కోతలైన వరి మళ్లలో రాత్రుళ్లు మంద పెడితే చేనుకు ఎరువు, మాకు గింజలు. బందరు దగ్గర ఒక ఆసామి ఏటా మా కోసం కాచుకొని ఉండేవాడు. ఆయన చేను చివరి గట్టు మీద నిలబడితే గాలిలో ఉప్పు వాసన వచ్చేది. సముద్రం అక్కడికి ఆమడ దూరం కూడా ఉండదు. కానీ ఉప్పు గడ్డి మేస్తే గొర్రె పారుకుంటుందని మందను ఆ గట్టు దాటనిచ్చేవాళ్లం కాదు. మంద ఆగిన చోట మేమూ ఆగినట్టే. అన్నేళ్లు పోయి కూడా అన్నా నేనూ సముద్రం చూడలేదు.

నడుము బిగుసుకున్నాక అన్న మంద వెంట రావడం మానేశాడు. పోయిన ఏడు ఆసామి నాతో కబురు పంపాడు. "ఐలేశాన్ని తీసుకురావయ్యా. గట్టు మీద పాక ఖాళీగానే ఉంది. భార్యతో వచ్చి, చలికాలమంతా ఉండి పొమ్మను. సముద్రం గాలికి ఒళ్లు సడలుతుంది. తల ఎత్తలేనని బాధపడుతున్నాడేమో, సముద్రం చూడటానికి తల ఎత్తనక్కర్లేదని చెప్పు."

ఆ చివరి మాట అన్నను పట్టుకుంది. నాతో పదే పదే చెప్పించుకున్నాడు.

"గుట్ట సూడాలంటె తలెత్తాలె. తాటిచెట్టు సూడాలంటె తలెత్తాలె. నా బిడ్డ మొఖం సూడాలంటె అది వచ్చి నా ముంగట కింద కూసోవాలె. గదొక్కటే అంటరా, కాళ్లకాడికెల్లి మొదలైతదంట," అనేవాడు.

పొద్దు కొంచెం ఎక్కాక పెద్దులు బండి కట్టుకొని వచ్చాడు. పెద్దులు మాకు వరసకు బావ. ఆ రోజు చౌటుప్పల్ బడి అరుగు మీద పట్నం నుంచి వచ్చిన డాక్టరు జనాన్ని చూస్తున్నాడని తెలిసింది. బండి ప్రయాణం ఈ నడుము ఓర్చుకుంటుందా లేదా, ఒకసారి ఆయనను అడిగిరావాలని వదిన పట్టు. వదిన, అంటే సోమమ్మ, లోపల తల దువ్వుకుంటూ ఉంది. ఆ లోగా అన్న చేతికర్రతో దుమ్ములో గీత గీసి పెద్దులుకు తొవ్వ చూపిస్తున్నాడు.

"బస్సెక్కితె రేపీయాల్లకు బందరుల ఉంటవు గదనే, బావా," అన్నాడు పెద్దులు.

"బస్సోనికి తొందర. నాకేం తొందర? నీ బండి మీద పోత. చిట్యాల అవుతల మనం మంద పెట్టిన చింతలు లేవా, ఆడ ఒక పూట. నకిరేకల్ దాటినంక మూసి ఒడ్డున మంచిగున్నన్ని పూటలు. సూర్యాపేటల చాయ తాగుత. మందతోని పోయిన్నాడు ముందు గొర్రెను సూసుడు, ఎనక గొర్రెను సూసుడు, గదే సరిపాయె. తొవ్వను సూసిందెప్పుడు?"

"సరే, పోయినవు. పోయి ఏం జేస్తవు?"

"కూసుంట."

"కూసోని?"

"సూస్త."

"సూసినంక?"

"ఆకలైతె తింట. తిని మల్ల కూసుంట."

పెద్దులు నుదురు కొట్టుకున్నాడు. "ఈడ జేస్తున్నది గదే గద! గీ అరుగు మీద!"

"ఈడ కూసుంటె రోగం, పెద్దులూ. ఆడ కూసుంటె షికారు."

లోపలి నుంచి వదిన నవ్వు వినిపించింది. వదిన నవ్వడం మా ఇంట్లో పండగ లాంటిది. నా భార్య గుర్వమ్మ పొయ్యి ముందు నుంచి తల తిప్పి చూసింది.

షికారుకు సామాను చాలా రోజులుగా తయారవుతూనే ఉంది. మెత్తటి ఉన్ని దాచి నేయించిన కొత్త గొంగడి, సముద్రం ఇసుక మీద పరుచుకోవడానికి. సత్తుపిండి, చింత తొక్కు. అన్నిటికంటే వదిన మనసు పెట్టింది నీళ్ల మీద. మందతో పోయేటప్పుడు మావాళ్లు ఇంటి నీళ్లు సొరకాయ బుర్రలో నింపుకొని పోతారు. ఏ కొత్త ఊళ్లో ఆగినా అక్కడి మొదటి కడవలో ఈ నీళ్లు ఇన్ని పోసి కలుపుతారు. అట్లా కలిపితే కొత్త నీళ్లు ఒంటికి పడతాయి. కలపకపోతే జ్వరమో, కడుపు నొప్పో. మా తాతలు చేశారు, మేము చేశాము. అన్న ఒళ్లు బాగాలేదు కనుక ఈసారి బుర్ర చాలదని వదిన గ్యాసునూనె డబ్బాలు రెండు తెప్పించి, బూడిదతో తోమి తోమి వాసన పోగొట్టింది. చలికాలమంతా ఆయన ఒక్కడి తాగుడుకు ఇంటి నీళ్లే ఉండాలని ఆమె లెక్క. అవి అయిపోతే వచ్చేపోయే మందల వాళ్లతో పంపమని నాకు అప్పుడే చెప్పిపెట్టింది.

అన్న, వదిన పోయి వచ్చేదాకా వాళ్ల బిడ్డ జానమ్మ మా దగ్గర ఉండేటట్టు అనుకున్నాము. నాకూ గుర్వమ్మకూ పిల్లలు లేరు. జానమ్మకు గొర్రెపిల్లలంటే ప్రాణం. అంగడిలో గాజులు కొనిస్తానంటే ఆ రోజు అదీ బండెక్కింది.

బడి అరుగు ముందు జనం బాగానే ఉన్నారు. డాక్టరు నడివయసు మనిషి, రాత్రి సరిగ్గా నిద్ర లేనట్టున్నాడు. మాటను బట్టి కింది ప్రాంతం ఆయన. అన్నను బల్ల మీద కూర్చోబెట్టి, వెన్ను పొడుగునా వేలితో నొక్కుతూ వచ్చాడు. గడ్డం కింద చెయ్యి పెట్టి మెల్లగా ఎత్తబోయాడు. ఎత్తితే నడుముతో సహా మనిషే వెనక్కి లేచాడు.

"డాక్టరుసాబు, మీది సముద్రం దిక్కేనా?" అని అన్న నేలను చూస్తూనే అడిగాడు.

"దగ్గరేనయ్యా. ఎందుకు?"

"సూడాలంటె తలెత్తనక్కర లేదంట. నిజమేనా?"

డాక్టరు చెయ్యి తీశాడు. అట్లాంటి ప్రశ్న ఆయనను ఎవరూ అడిగి ఉండరు. "నిజమే. అల వచ్చి కాళ్ల మీదే పడుతుంది. నువ్వు వంగి ఉన్నా నీ ముందే ఉంటుంది," అన్నాడు.

"ఇన్నవానే, పెద్దులూ!" అన్నాడు అన్న.

డాక్టరు నోరు తెరవమన్నాడు. అన్న పళ్లు చూశాడు. నన్ను తెరవమన్నాడు, పెద్దులును తెరవమన్నాడు.

"ఏంది సారు, గొర్లు కొననీకె వచ్చినోని లెక్క పండ్లు సూస్తున్నరు? నేను ముదురు పొట్టేలునే, ధర పలకను," అన్నాడు అన్న. అరుగు మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. డాక్టరు కూడా నవ్వాడు. నవ్వుతూనే జానమ్మ వైపు తిరిగి, "నువ్వు కూడా చూపించమ్మా," అన్నాడు.

జానమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుంది. దాని పళ్ల మీద అడ్డంగా గోధుమ రంగు చారలు. ఆ చారల కోసం వదిన దాన్ని రోజూ తిట్టి, బొగ్గు పొడితో తోమిస్తుంది. తోమితే చిగుళ్ల నుంచి నెత్తురు వచ్చేది కానీ చారలు పోయేవి కావు. డాక్టరు దాని చెయ్యి మెల్లగా తీసి చూశాడు. అరుగు చివరిదాకా నడిచి రమ్మన్నాడు. అది నడిచి వచ్చింది. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. గొర్రె కుంటితే గుట్ట మీది నుంచి పట్టేవాణ్ణి నేను. ఇంట్లో తిరిగే పిల్ల నడక నా కంటికి అలవాటైపోయింది.

"మీ గూడెంలో పిల్లలందరి పళ్లూ ఇంతేనా?"

"అందరియి గంతే," అన్నాడు పెద్దులు. "సక్కగ తోమరు, సారు."

"పెద్దవాళ్లవి మాత్రం తెల్లగా ఉన్నాయి," అన్నాడాయన. ఎవరితో అన్నాడో తెలియలేదు.

అప్పుడే వదిన కొంగు సర్దుకొని ముందుకు వచ్చింది. "సారు, బండి మీద పోవచ్చునా? ఆయనకు ఏరే నీళ్లు పడయి. మా బాయి నీళ్లే డబ్బాలల్ల నింపుకొని పోతున్నం. ఫికర్ లేదు."

డాక్టరు చూపు ఆమె మీద ఆగింది. "ఆ నీళ్లు వద్దమ్మా," అన్నాడు.

"తియ్యటి నీళ్లు సారు. ఈ సుట్టుపక్కల అసొంటియి లేవు."

"ఆ బావి ఎప్పుడు తవ్వారు?"

"గీ పిల్ల పుట్టకముందు."

"ముందు ఎక్కడ తాగేవారు?"

"వాగుల."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. అన్నకు ఎదురుగా, కిందికి వంగి, ముఖం కనపడేటట్టు కూర్చున్నాడు. అది నాకు గుర్తుండిపోయింది. "ఈ జబ్బు ఆ బావి నీళ్లలోదేనయ్యా. మీ దిక్కు రాతిలో ఒక ఉప్పు ఉంటుంది. కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. నీళ్లతో లోపలికి పోయి ఎముకలో పేరుకుంటుంది. పెద్దవాళ్ల వెన్ను బిగుస్తుంది. పిల్లల పళ్లలో ముందు కనపడుతుంది, తర్వాత కాళ్లలో. కాచినా పోదు. వాగు నీళ్లలో తక్కువ, కింది కాలువల్లో ఇంకా తక్కువ. చాలా ఊళ్లలో చూస్తున్నాను."

అన్న చేతికర్ర మీద రెండు చేతులూ బిగించాడు.

"నా ఎన్ను లేస్తదా, సారు?"

"వంగింది లేవదు. నీళ్లు మారిస్తే ఇంకా వంగకుండా ఆగవచ్చు. నువ్వు పోవడం మంచిదే."

"బిడ్డ?"

"ఎదిగే ఎముక. ఇప్పటి నుంచి మంచి నీళ్లు తాగితే నిలబడుతుంది." కొంచెం ఆగి, "నిలబడుతుందనే నా ఆశ," అన్నాడు.

బండి తిరిగి ఇంటి దారి పట్టింది. జానమ్మ కొత్త గాజులే గలగలలాడాయి. అది కూడా మా ముఖాలు చూసి చెయ్యి ఒళ్లో పెట్టుకొని కదలకుండా కూర్చుంది.

ఆ బావి సంగతి చెప్పాలి. మొదట్లో మా గూడేనికి నీళ్లు వాగు నుంచే. ఎండాకాలం ఇసుకలో చెలిమె తోడి, ఊరిన కొద్దీ గిన్నెతో ముంచి కడవ నింపేవాళ్లు. వాగుకు పోయే దారి అంతా రాతి గుండ్లు. వదిన కొత్తగా కాపురానికి వచ్చి, నిండు నెలలతో ఉన్నప్పుడు, కడవతో ఆ గుండ్ల మీద జారిపడింది. పుట్టిన బిడ్డ ఏడవలేదు. ఆ బిడ్డను పూడ్చి వచ్చిన గడ్డపారతోనే అన్న ఇంటి ముందు బావి మొదలుపెట్టాడు. మన్ను పోయి రాయి వచ్చింది. రాయికి తోటాలు పెట్టి పేల్చాము. గూడెం వాళ్లు పిచ్చోడన్నారు. ఒక మధ్యాహ్నం లోపలి నుంచి అన్న అరిచిన అరుపుకు నేను భయపడి తాడు వదిలేశాను. నీళ్లు పడ్డాయి. మొదటి బొక్కెన వదినకే ఇచ్చాడు. తాగి, "తియ్యగున్నయి," అంది. ఆ తర్వాత మా గూడెం ఆడవాళ్లెవరూ వాగు దారి పట్టలేదు. బయటి ఊళ్లవాళ్లు మా గూడేన్ని ఐలేశం బాయి అని పిలవడం మొదలుపెట్టారు. జానమ్మ ఆ బావి తర్వాతే పుట్టింది, మిగతా పిల్లలూ అంతే.

మర్నాడు నేను లేచేసరికి అన్న దొడ్డి దగ్గర ముళ్లకంప లాగుతున్నాడు. వంగిన మనిషికి కంప లాగడం ఒక విధంగా సులువే. దొడ్డిని మూసినట్టే బావి నోటిని కంపతో మూశాడు. మీద గుండు ఎత్తడానికి నన్ను పిలిచాడు. నేను ఎత్తాను.

బిందెలతో వచ్చిన ఆడవాళ్లు కంప ముందు ఆగిపోయారు. బిక్షమ్మ అందరిలో పెద్దది, నోరు కూడా పెద్దది.

"ఏందిరా ఐలా, మాకు నీళ్లు బందు పెట్టినవు?"

"తాగొద్దు, అత్తా. గీ నీళ్లే మనల తింటున్నయంట."

"నిన్నటిదాన్క తీపి, ఇయ్యాల ఇసమా? ఎవడో డాక్టరు చెప్తె? నా మనుమడు గీ నీళ్లు తాగే పెరిగిండు!"

"నీ మనుమని పండ్లు సూడు, అత్తా."

"సూసిన తియ్యి. పండ్లు కాదు, రేపు వాని అవ్వ కడవ నెత్తిన పెట్టుకొని గుండ్ల మీద పడితె నువ్వొచ్చి లేపుతవా?"

ఆ మాటకు వదిన ఇంట్లోకి పోయింది.

పెద్దులు ఎద్దులను కట్టేసి వచ్చాడు. అంగడి నుంచి వచ్చేటప్పుడు ఊకొట్టిన మనిషే, ఇప్పుడు నలుగురి ముందు వేరే మాట్లాడాడు. "మంచిగున్నదే, బావా! నువ్వు సముద్రం ఒడ్డుకు షికారు పోతవు. మా ఆడోళ్లు మాత్రం వాగుకు పోయి సావాల్నా? బాయి మూసుడు, బండెక్కుడు! గా కర్రతోని తొవ్వ గీసుకుంట కూసున్ననాడు యాదికి రాలేదా?"

అన్న నేలను చూస్తూనే అడిగాడు. "పెద్దులూ, మంద కిందికి పోయినప్పుడు కుంటి గొర్రె ఎట్ల నడిచేది?"

పెద్దులు కాలితో దుమ్ము గీరాడు.

"చెప్పు. మంద తోలుకపోయింది నువ్వే గద."

"... కాలువల పొంటి నాలుగు నాళ్లు మేస్తె సక్కగ నడిచేది."

"ఈడికొచ్చి మన తొట్టిల తాగినంక?"

పెద్దులు బావి పక్కన రాతి తొట్టి వైపు చూశాడు. మా గొర్రెల పళ్లు పుట్టిన కొన్నాళ్లకే అరిగి నల్లబడేవి. పళ్లు చూసి వయసు కట్టే బేరగాళ్లు మా పడుచు గొర్రెను ముసలిదనేవాళ్లు. వాళ్లతో కొట్లాడినంత పని అయ్యేది. దొంగలని తిట్టేవాళ్లం. అదంతా పెద్దులుకూ గుర్తుకు వచ్చి ఉంటుంది. తలకట్టు విప్పి దులిపి, మళ్లీ చుట్టుకోబోయాడు. చేతులు భుజాల పైకి లేవడం లేదు. ఎన్నాళ్లుగా లేవడం లేదో నేను గమనించలేదు. తలకట్టు భుజాన వేసుకొని వెళ్లిపోయాడు.

కొందరు వాగుకు పోయారు. కొందరు అన్నను తిట్టి వాగుకు పోయారు. తెల్లారి చూస్తే కంప పక్కకు లాగి ఉంది, గట్టు తడిగా ఉంది. అన్న మళ్లీ మూశాడు. ఆ మర్నాడూ అంతే. ఎవరు తీస్తున్నారో ఆయన అడగలేదు. పగలంతా గట్టు మీద కర్ర అడ్డం పెట్టుకొని కూర్చునేవాడు. ఎవరైనా బిందెతో వస్తే, కాళ్లను బట్టి గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచేవాడు. "జర వాగుకు పో, బిడ్డా." అంతే. రెండో మాట లేదు.

బండి కట్టే రోజు దగ్గర పడింది. ఒక సాయంత్రం వదిన పోయి ఆయన ముందు కింద కూర్చుంది. నేను పక్కన తాడు పేనుతున్నాను.

"జానమ్మను సుత తోల్కపోదాం. ఆసామి ఏమనడు," అంది.

"తోల్కపో. నువ్వూ అదీ పోండ్రి. గోపయ్య దిగబెట్టి వస్తడు. పండ్లన్ని వచ్చి, కాళ్లు గట్టిపడేదాన్క ఆడనే ఉండుండ్రి. ఆసామి ఇంట్ల పని దొరుకుతది."

"నువ్వు?"

"నేను పోత లేను."

వదిన ఇంకా దగ్గరికి జరిగింది. "నీకు జెప్పలేదా డాక్టరు? నువ్వు పోతె ఇంక వంగకపోవచ్చునని?"

"చెప్పిండు."

"మరి?"

"బాయి తాగొద్దని చెప్పి, నేను బండెక్కి షికారు పోతె ఎవరన్న ఇంటరా? పెద్దులు అన్నది తప్పా? నేను ఇయ్యాల పోతె రేపు పొద్దుగాల కంప తీసేస్తరు. అందరి పిల్లలు తాగుతరు. తవ్వింది నేను. ఈడ కూసోవాల్సింది నేనే."

"నా కోసం తవ్వినవు," అంది వదిన.

"ఎవరి కోసమైతేంది. తవ్విన."

"నువ్వు లేకుంట నేను సముద్రం సూసి ఏం జేసుకోను?"

"సూడు. సూసి యాదుంచుకో. నీళ్లు ఏ రంగుంటయో, పొద్దు నీళ్లల్లకెల్లి మీదికి లేసేటప్పుడు ఎట్లుంటదో. వచ్చినంక చెప్పు. గోపయ్య మొగులు చెప్తలేడా? గట్లనే." తర్వాత, "కొత్త గొంగడి బిడ్డ కింద పరువు," అన్నాడు.

వదిన లేచి ఇంట్లోకి పోతూ, గడప మీద కాలు పెట్టి ఆగింది. మళ్లీ వెనక్కి తిరగలేదు.

పోయే రోజు ఆకాశంలో ఒక్క మబ్బు కూడా లేదు. అన్న అడిగాడు, అదే చెప్పాను. "మంచిది. ఎండకు ముందే చిట్యాల దాటుండ్రి," అన్నాడు.

వదిన చీకటితోనే వాగుకు పోయి చెలిమె నీళ్లు తెచ్చింది. ఆ నీళ్లతోనే వరిబువ్వ వండింది. ఇంట్లో వరి దాచుకున్నది పండగకు. నేను బండిలో గడ్డి పరిచి, మూటలు సర్దాను. ఆసామి పాకలో పెట్టుకునే వంట గిన్నెలు, గొంగడి, జానమ్మ విడిచి ఉండలేనని ఏడ్చిన గొర్రెపిల్ల ఒకటి. పెద్దులు ఎద్దులను పట్టుకొచ్చి కట్టాడు. బండి కిరాయి మాట ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

అన్న బావి గట్టు మీది నుంచి లేచి ఇంటి వైపు వస్తూ మధ్యలో ఆగాడు. కర్రతో దుమ్ము మీద ఒక చోట తట్టాడు. రెండడుగులు వేసి మళ్లీ తట్టాడు. అప్పుడు నేను చూశాను. బావి నుంచి బండి దాకా దుమ్ములో నీటి చుక్కలు పడి ఉన్నాయి. తలెత్తి నడిచే నాకు కనపడలేదు. ఆయన ఆ చుక్కల వెంటే నడిచి బండి దగ్గరికి వచ్చి, గడ్డి కింద చెయ్యి పెట్టి తీశాడు. సొరకాయ బుర్ర. మూతి దాకా నిండి ఉంది. మూతికి తడిగుడ్డ గట్టిగా కట్టి ఉంది, మా అమ్మ కట్టే మాదిరే.

వదిన గడపలో నిలబడి ఉంది. "కొత్త నీళ్లల్ల కొన్ని కలపకుంటె..." అని మొదలుపెట్టి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆమె చేతులు తమకు తెలిసిన పని తాము చేశాయి. ఆమెను అడిగి చేయలేదు.

అన్న గుడ్డ విప్పి బుర్ర వంచాడు. నీళ్లు దుమ్ములో గుండ్రంగా చేరి, కొంచెంసేపు నిలిచి, ఇంకిపోయాయి. ఆయన అది మొత్తం ఇంకేదాకా చూశాడు. ఖాళీ బుర్రను వదిన చేతికి ఇచ్చాడు. వాగు నీళ్ల కడవ నుంచి ఆమె దాన్ని మళ్లీ నింపింది.

గుర్వమ్మ లోపల అందరికీ వడ్డించింది. పెద్దులును కూడా పిలిచింది, వచ్చి కూర్చున్నాడు. జానమ్మ రోజూ లాగే నాన్న ముందు కింద కూర్చుంది, ఆయనకు ముఖం కనపడేటట్టు. వరిబువ్వలో వాగు ఇసుక వాసన ఉంది. పచ్చిపులుసు పోసుకున్నాము. మధ్యలో బయట ఎవరో ఆడమనిషి బిందెతో వచ్చి, కంప ముందు ఆగి, మళ్లీ వాగు దిక్కుకు పోయిన అడుగుల చప్పుడు వినిపించింది. అన్న ముద్ద పట్టుకొని ఆ చప్పుడు అయిపోయేదాకా ఆగి, తర్వాత తిన్నాడు. ఆ పూట మేమందరమూ ఆయన లాగే తల వంచుకొని తిన్నాము.